చేతిలో ఇమిడే కత్తి

మొదలుపెట్టిన రోజున మా పెట్టుబడి నా కళ్ళు, నా భార్య వేళ్ళు. రంగురాళ్ళ వ్యాపారానికి ఆ రెండూ ఉంటే మిగతాది ఎలాగో సమకూరుతుంది. సానపట్టని రాయిని వెలుతురుకెత్తి, లోపల పగులుందో లేదో, కోస్తే ఎంత నిలుస్తుందో నేను చెబుతాను. దాని ధర ఆమె తేలుస్తుంది. మాకు కొట్టు లేదు, బోర్డు లేదు. పొట్లాలు సంచిలో వేసుకుని, బస్సెక్కి, రైలు మారి, రాళ్ళ సంతకు పోయి రావడమే మా వ్యాపారం.

ఆ సంత ఒక పాత గోదాములో జరుగుతుంది. పొడుగాటి బల్లలు, వాటి మీద తెల్ల కాగితాలు, కాగితాల మీద రాళ్ళు. అక్కడ ధర ఎవరూ పైకి అనరు. అంటే పక్కబల్లవాడు వింటాడు, అతని బేరం చెడుతుంది, తర్వాత మనదీ చెడుతుంది. అందుకని కొనేవారూ అమ్మేవారూ చేతులు కలిపి, పైన తువ్వాలు కప్పుకుంటారు. కింద వేళ్ళు మాట్లాడుకుంటాయి. వేలు పట్టుకుంటే ఒక అంకె. కణుపు నొక్కితే అందులో సగం. అరచేతిలో గీస్తే ఇంకొంచెం దిగమని. పిడికిలి మూస్తే బేరం లేదు, చెయ్యి తీసుకోమని. పైన మాత్రం వానల గురించో, మోకాళ్ళ నొప్పుల గురించో తీరిగ్గా కబుర్లు నడుస్తుంటాయి.

నావి మొద్దు వేళ్ళు. కొత్తలో ఒకాయన నా చేతి కింది నుంచి తన చెయ్యి లాక్కుని, “అన్నా, నువ్వు నొక్కితే ధర తెలియడం లేదు, నొప్పి తెలుస్తోంది” అన్నాడు. చుట్టుపక్కల వాళ్ళంతా నవ్వారు. ఆ రోజు నుంచి తువ్వాలు నా భార్య చేతికి వెళ్ళింది. ఆమెకు ఆ విద్య నేర్పింది సంతలో అందరికన్నా పెద్ద దళారి. గడ్డం మొత్తం నెరిసిపోయి మెరుస్తుంటుంది కాబట్టి ఆయన్ని అందరూ వెండిగడ్డం అంటారు. ఆమె మాత్రం బాబాయ్ అనేది. ఆయనకొక అలవాటు. సంతలోకి రాగానే నేరుగా మా బల్ల దగ్గరకొచ్చి, పిలవకుండా, పలకరించకుండా, ఆమె తువ్వాలు కిందికి చెయ్యి దూర్చి ఏదో ఒక తలాతోకా లేని ధర నొక్కేవాడు. ఆమె ఆయన అరచేతిలో గిల్లేది. ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. వాళ్ళిద్దరికీ అదే పలకరింపు.

సంత వ్యాపారులంతా ఆమె తువ్వాలును నమ్మేవారు. ఆమె వేళ్ళు ఒక ధరకు ఒప్పుకుంటే, పైన నేనెంత మొహం ముడుచుకున్నా ఆ బేరం ఖాయం. మా ఆస్తి ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఆ తువ్వాలునే చూపించేవాణ్ణి.

ఆ ఆస్తికి గండి పడింది ఒక రైల్వే స్టేషన్లో, మిట్టమధ్యాహ్నం పూట. నేను టికెట్ల వరసలో ఉన్నాను. ఆమె వంతెన మెట్లెక్కుతోంది. వెనక నుంచి ఎవడో వచ్చి, మణికట్టు పట్టి మెలితిప్పి, సంచి పట్టీ కోసుకుని దిగిపోయాడు. మెట్ల మీద జనం ఉన్నారు. ఒక్కరూ ఆగలేదు. ఆమె అరిచిందట, కానీ రైలు కూతలో ఎవరికీ వినపడలేదు. నేను వెళ్ళేసరికి మెట్ల మీద కూర్చుని, తన చెయ్యి తనది కానట్టు చూసుకుంటోంది.

పోయిన సరుకు తక్కువే. మంచి రాళ్ళన్నీ నా నడుముకు కట్టుకుని, నాసిరకం పొట్లాలే ఆమె సంచిలో వేశాను. ఊరట కలుగుతుందని ఆ మాట అక్కడే ఆమెతో అన్నాను. ఆమె నన్ను చూసి, మళ్ళీ తన మణికట్టు వైపు తల వంచుకుంది.

మణికట్టు వాపు తగ్గింది. మనిషి మాత్రం గడప దాటడం మానేసింది. కాలింగ్ బెల్ మోగితే వంటింట్లో గిన్నె జారేది. మెట్లెక్కే చప్పుడు ఎవరిదైనా సరే, ఆగేదాకా ఊపిరి బిగబట్టి కూర్చునేది. నేనొక్కణ్ణే సంతకు వెళ్ళాను. వెళ్ళినవాణ్ణి వెళ్ళినట్టే సరుకుతో తిరిగొచ్చాను. రెండోసారీ అంతే. అమ్ముడుపోని రాళ్ళు ఇంట్లో పేరుకుంటే వాటిలోని పగుళ్ళన్నీ ఒక్కటొక్కటిగా కంటికి కనబడడం మొదలవుతుంది. ఆమె లేకుండా ఈ వ్యాపారం లేదు. ఇక అసలు విషయం, నలుగురిలో కూర్చుని నవ్విన మనిషి గదిలో మూల వెతుక్కుంటుంటే, వ్యాపారం ఒక్కటే పోతోందని నాకు నేను చెప్పుకోలేకపోయాను.

మా బావమరిది సరుకుల వ్యాను నడుపుతాడు. అటుగా పోతూ ఒక సాయంత్రం వచ్చి కుర్చీలో వాలాడు.

“ఏం బావా, అక్క లేకపోతే సంతలో నిన్ను చూసేవాడే లేడటగా.”

“నోరు మూసుకుని టీ తాగు.”

“తాగుతాలే. టీ అయినా అక్క చేతిదేగా.” గొంతు తగ్గించాడు. “నా మాట విను. నా బండిలో సీటు కింద ఒక కత్తి ఉంటుంది. ఇన్నేళ్ళలో దాన్ని బయటికి తీసింది లేదు. ఉందని తెలుసు చూడు, అది చాలు. ఎక్కడైనా బండి ఆపుకుని హాయిగా పడుకుంటాను. అక్కకీ ఒకటి కొనిపెట్టు.”

“మీ అక్కకా? బొద్దింకను చంపాలన్నా నన్నే పిలుస్తుంది.”

“చంపమని ఎవడన్నాడు బావా? సంచిలో ఉంటుంది, అంతే.”

లోపలి గదిలోంచి ఆమె గొంతు వినిపించింది. “ఎంతుంటుందిరా అది?”

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. స్టేషన్ నుంచి వచ్చాక ఆమె తనంతట తాను దేని గురించీ అడగలేదు.

“నీ చెయ్యంత కూడా ఉండదక్కా,” అన్నాడు వాడు. “మడిస్తే పిడికిట్లో పడుతుంది.”

మర్నాడే వెళ్ళాను. కత్తుల కొట్టు సన్నటి సందులో ఉంది. ముందు గాజు పెట్టె, వెనక సానరాయి. సోడాబుడ్డి కళ్ళద్దాల మనిషి ఒక కత్తెరకు పదును పెడుతూ తలెత్తాడు.

“ఎవరికి సార్?”

“మా ఆవిడకి. ప్రయాణాల్లో దగ్గరుండాలి. చేతిలో ఇమిడేది చూపించు.”

“ఆవిడ చెయ్యి ఎంతుంటుంది?”

నా అరచెయ్యి చాపి, ఆమె వేళ్ళు ఎక్కడిదాకా వస్తాయో గీత గీసి చూపించాను. అది నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు.

అతను గాజు పెట్టె మీద గుడ్డ పరిచి కత్తులు ఒక్కొక్కటే పెట్టాడు. మీట నొక్కితే ఎగిరి తెరుచుకునేదాన్ని నేను చేతిలోకి తీసుకోగానే, “అది వద్దు సార్. స్టేషన్లో సంచి తనిఖీ చేసేవాళ్ళు చూశారంటే దొంగ సంగతి తర్వాత, ముందు మీ ఆవిడ్ని కూర్చోబెడతారు,” అన్నాడు. కత్తెర, మూత తీసే కొక్కెం, ఆకురాయి అన్నీ ఉన్న లావుపాటిది ఒకటి తీశాను. “ఇందులో కత్తి ఏదో వెతుక్కునేలోపు దొంగ ఇల్లు చేరి అన్నం తినేస్తాడు.” పిడి నునుపుగా ఉన్న ఇంకొకటి నచ్చింది. దానికి గొళ్ళెం లేదట. గట్టిగా ఆనిస్తే కత్తి అలుగు వెనక్కి మడుచుకుని పట్టుకున్నవాళ్ళ వేళ్ళే తెగుతాయట. చివరికి అతనే ఒకటి ముందుకు జరిపాడు. చూపుడు వేలంత అలుగు. తెరిస్తే లోపలి గొళ్ళెం టక్కుమని పడుతుంది, మళ్ళీ మడవాలంటే రెండు చేతులూ కావాలి. పిడి నారింజ రంగులో ఉంది, సంచిలో వెతుక్కోవలసిన పని లేకుండా.

నేను దాన్ని రాయిని చూసినట్టే చూశాను. తెరిచి అటూ ఇటూ కదిపితే అలుగు కదల్లేదు. గోటి మీద ఆనిస్తే జారలేదు. కాగితం అంచు మీద పెడితే చప్పుడు లేకుండా దిగింది. మంచి సరుకు.

“ఇది ఇచ్చెయ్యి.”

అతను ఇవ్వలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. “ఒక మాట చెబుతాను సార్, ఏమనుకోకండి. ఇది పండు కోసుకోవడానికి, తాడు తెంపుకోవడానికి. మనిషిని ఆపడానికి కాదు. భయపడి ఉన్న చేతికి ఎదుటివాడెవడో తెలియదు. ఆవిడకైతే ఇది తీసుకెళ్ళండి.” పక్క డబ్బాలోంచి ఒక ఈల తీసి పెట్టాడు. దారానికి కట్టిన మామూలు ఇనప ఈల. “మెళ్ళో వేసుకుంటే చాలు. ఊదితే నలుగురూ తిరిగి చూస్తారు.”

నాకు లోలోపల నవ్వొచ్చింది. అమ్మదలచిన సరుకును ముందు కాస్త తక్కువ చేసి మాట్లాడితే కొనేవాడికి నమ్మకం కుదురుతుంది. ‘ఇందులో చిన్న మచ్చుంది సుమా’ అని చెప్పి నేనెన్ని రాళ్ళు అమ్మానో.

“బాగా అమ్ముతున్నావయ్యా,” అన్నాను. “ధర చెప్పు.”

“అమ్మడం లేదు సార్. చెబుతున్నాను.”

అది కూడా ఆ ఎత్తులోనే రెండో మెట్టు అనుకున్నాను. బేరమాడి, అతను మొదట అన్నదానికి చాలా తక్కువకు కత్తి తెచ్చుకున్నాను. ఈలను గాజు పెట్టె మీదే వదిలేశాను. దారిలో నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

ఆమె కత్తిని అరచేతిలో పెట్టుకుని బరువు చూసింది. తెరవబోతే కొత్త సరుకు కావడంతో బిగుసుకుని ఉంది. బొటనవేలు గోరు విరిగింది. మళ్ళీ ప్రయత్నించింది. వంటింట్లో కూర్చుని అదే పనిగా తెరవడం, మడవడం. నేను గుమ్మంలో నిలబడి చూస్తుంటే తల తిప్పకుండానే అంది.

“వెనక నుంచి ఇక్కడ పట్టుకున్నాడు. ఈ చెయ్యి. ఇలా మెలితిప్పాడు. ఇది ఎప్పుడు తీసేది, ఎప్పుడు తెరిచేదండీ?”

“అలవాటైతే వస్తుందిలే.”

“వాడు నాకు అలవాటయ్యే టైమిస్తాడా?” కత్తిని మళ్ళీ తెరిచింది. “తెరిచే పట్టుకుంటాను. అలాగైతే వస్తాను.”

అలాగైతే వస్తాను అన్న మాట తప్ప మిగతాది నా చెవికెక్కలేదు. “తువ్వాలు కప్పుకో,” అన్నాను. “ఎవరికీ కనబడదు.”

ప్రయాణం అనుకున్నదానికన్నా బాగానే సాగింది. బస్సులో కిటికీ పక్క కూర్చుంది. ఒళ్ళో చేతిసంచి, దాని మీద తువ్వాలు, తువ్వాలు కింద కుడి చెయ్యి. కండక్టర్ డబ్బుల కోసం వంగినప్పుడు ఆమె మోచెయ్యి నా పక్కటెముకలకు నొక్కుకుంది. నీళ్ళు ఎడమ చేత్తో తాగింది. రైల్లో ఒక ముసలావిడ, “చేతికేమైనా దెబ్బ తగిలిందా అమ్మా?” అని అడిగితే, “ఆఁ, కొంచెం,” అంది. వంతెన మెట్ల దగ్గర ఆగిపోయింది. నేనూ పక్కనే ఆగాను. తర్వాత ఎక్కింది. పైకి వెళ్ళాక ఆమె పెదవుల మీద చెమట, కళ్ళలో నేను మర్చిపోయిన మెరుపు. “ఎక్కేశానండీ,” అంది. ఆ కత్తికి నేను మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

గోదాములో మమ్మల్ని చూసి పక్కబల్లల వాళ్ళు లేచొచ్చారు. “వచ్చావా అక్కా! మీ ఆయన్ని ఇక పంపకు, మా వేళ్ళు విరిచేస్తున్నాడు,” అన్నాడొకడు. ఆమె నవ్వింది కూడా. మా బల్ల దగ్గర కూర్చుంది. ఎదురుగా జనం, వెనక దారి. ఆ దారిలో మనుషులు రాసుకుంటూ పోతున్నారు.

“వచ్చేశాం కదా, ఇక మడిచి లోపల పెట్టెయ్,” అన్నాను మెల్లగా.

“కాసేపు ఉండనివ్వండి. కుదురుకోనీ.”

సరేనన్నాను. పక్కబల్ల మీద ఒక ఆకుపచ్చ రాయి నా కంటపడింది. నీటిలో తడిసిన నాచు రంగు, లోపల ఒక్క పొర లేదు. తీసుకుని కిటికీ దగ్గరకు వెళ్ళాను. వెలుతురుకెత్తి తిప్పుతున్నాను. అంత మంచి రాయిని నేను మళ్ళీ చూడలేదు.

వెండిగడ్డం ఆమె వెనక నుంచి వచ్చాడట. ఆమె రావడం మానేశాక సంతకొచ్చిన ప్రతిసారీ, ‘మా అమ్మాయి ఎప్పుడొస్తుంది?’ అని అందర్నీ అడుగుతున్న మనిషి. చూసిన సంబరంలో పిలవలేదు, పలకరించలేదు. ఎప్పటిలాగే పక్క నుంచి వంగి, తువ్వాలు కిందికి చెయ్యి దూర్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

నాకు వినపడింది ఆమె అరుపు. ఆయన అరవలేదు. నేను తిరిగి చూసేసరికి తెల్ల కాగితం మీద రాళ్ళన్నీ ఒకే రంగులో ఉన్నాయి. ఆయన తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని బెంచీ మీద కూలబడి, ఆమె మొహంలోకి చూస్తూ, “నేనే తల్లీ, నేనే,” అంటున్నాడు. ఆమె వేళ్ళు ఆ నారింజ రంగు పిడి మీంచి ఊడి రావడం లేదు. ఒక్కొక్క వేలే నేను విడదీశాను.

ఆసుపత్రి వరండాలో డాక్టరు నాతో చెప్పాడు. గాయం మానుతుంది, చూపుడు వేలు, మధ్యవేలు మాత్రం ఇక వంగవు, లోపలి నరాలు తెగాయి. నేను ఆయనకు దళారి పని గురించి చెప్పబోయి ఊరుకున్నాను. చేతికి కట్టు కట్టాక ముసలాయన బయటికొచ్చి, “తప్పు నాదేలేవయ్యా. గొంతుండి ఎందుకు, పిలిచి పెట్టాల్సింది చెయ్యి,” అన్నాడు. కేసు పెట్టమని ఎవరో అన్నారు. ఆయన ఒప్పుకోలేదు. పెట్టి ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. కట్టడానికి ఏదో ఒక జరిమానా ఉండేది.

కట్లు విప్పాక చూడ్డానికి వెళ్ళాం. ఆయన కోడలు తలుపు తీసి, పక్కకు తప్పుకుంది కానీ రమ్మని అనలేదు. ముసలాయన మంచం మీద కూర్చుని ఎడమ చేత్తో చెంచా పట్టుకుని తింటున్నాడు. మమ్మల్ని చూసి పళ్ళెం పక్కన పెట్టాడు.

“రా తల్లీ, కూర్చో. ఏవయ్యా, నీ భుజం మీది ఆ తువ్వాలు ఇటియ్యి.”

ఎందుకో అర్థం కాకుండానే ఇచ్చాను. మంచం మీద పరిచి, దాని కిందికి కుడిచెయ్యి దూర్చాడు. రెండు వేళ్ళు కర్రల్లాగా గుడ్డను పైకి ఎత్తిపట్టాయి.

“పెట్టు, చెయ్యి పెట్టు. మిగతావి పలుకుతాయో లేదో చూద్దాం. కొత్త భాష ఏదైనా కనిపెడదాం మనం.”

ఆమె ఆ గుడ్డ వంక చూస్తూ కూర్చుంది. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుంది.

“పెట్టమ్మా. నాకేం భయం లేదు.”

“నాకుంది బాబాయ్,” అంది.

ఆయన ఇంకాసేపు చెయ్యి అలాగే ఉంచాడు. గుడ్డ కింద వేళ్ళు కదిలించడానికి ప్రయత్నిస్తున్నాడని తెలుస్తోంది. తర్వాత తీసేసుకుని, “సర్లే, టీ తాగండి,” అన్నాడు. కోడలు టీ తేలేదు.

సంతలో మమ్మల్ని ఎవరూ వెలివేయలేదు. అలా చేసి ఉంటే ఎదురుతిరిగి మాట్లాడేవాణ్ణి. నవ్వుతూనే పలకరిస్తారు, బల్ల కూడా అక్కడే ఉంది. కాకపోతే ఎవరూ తువ్వాలు కింద చెయ్యి పెట్టరు. “ఎంతన్నా?” అని పైకే అడుగుతారు. నలుగురి ముందు ధర అడగడమంటే అక్కడ ముఖాన కొట్టినట్టే. మొదట్లో మా ఒక్క బల్ల దగ్గరే ఇలా అనుకున్నాను. తర్వాత చూస్తే, ఎవరి తువ్వాలు కిందికి చెయ్యి పోవాలన్నా ముందు ఒక క్షణం ఆగడం మొదలైంది. ఒకరిద్దరు తువ్వాలు దులిపి చూపించి గానీ చెయ్యి చాపడం లేదు. ఇప్పుడు చాలామంది ఫోనులో అంకె కొట్టి, తెర అవతలివాడి వైపు తిప్పుతున్నారు. గోదాములో కబుర్లు తగ్గిపోయాయి. వేళ్ళకు పని లేనప్పుడు వానల గురించి మాట్లాడాల్సిన అవసరం ఎవరికుంటుంది? వెండిగడ్డం రావడం లేదు.

కత్తిని పారెయ్యమంది నా భార్య. ఏ వస్తువునూ పారేసే అలవాటు లేదు నాకు. పొట్లాల దారాలు తెంపడానికి జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. పదును ఇంకా పోలేదు, గొళ్ళెం వదులవలేదు. నేను ఎంచిన సరుకులో లోపం లేదు.

మొన్న సంత నుంచి వచ్చి భోజనానికి కూర్చున్నాను. ఆమె వడ్డించి ఎదురుగా కూర్చుంది. ఈ మధ్య ఇంటి తలుపు గొళ్ళెం వేసి ఉన్నా, కుర్చీ గోడకు ఆనించుకుని గానీ కూర్చోదు. భుజం మీది తువ్వాలు తీసి బల్ల మీద పరిచాను. దాని కిందికి నా చెయ్యి పెట్టాను. ఏమీ అడగలేదు. నా వేళ్ళు మొద్దువని ఆమెకు తెలుసు.

చాలాసేపటికి ఆమె చెయ్యి వచ్చింది. చల్లగా ఉంది. నేను ఆమె వేలు పట్టుకోబోయాను. పట్టుకోవడానికి వేలు దొరకలేదు. పిడికిలి మూసి ఉంది.

ఇప్పటికి లెక్క ఇదీ. నా కళ్ళు ఇంకా బాగానే ఉన్నాయి. ఆ ఆకుపచ్చ రాయిని ఆ గొడవలో ఎవరో తీసుకుపోయారు. కత్తి ఉంది. అన్నం చల్లారిపోయేదాకా నేను చెయ్యి తీసుకోలేదు, ఆమె పిడికిలి విప్పలేదు.